తొమ్మిది రోజుల అబద్ధం

నా చిన్నప్పుడు ఉప్పల్‌లో మగపిల్లల వయసును ఏళ్లతో లెక్కపెట్టేవారు కాదు. తాలీంలో రాతిగుండును ఎంతవరకు లేపాడన్న దాన్నిబట్టి లెక్కపెట్టేవారు. వాడింకా మోకాలి దాకే అంటే పసివాడని అర్థం. ఛాతీ దాకా తెచ్చాడంటే మీసం రాబోతోందని. భుజం మీదికెక్కించి వెనక్కి పడేస్తే ఇక వాడు పెద్దవాళ్ల వరుసలో కూర్చోవచ్చు. పదమూడో ఏట నేను ఛాతీ దాకా వచ్చాను. ఆ పైన ఒక్క జానెడు మిగిలింది. ఆ జానెడు గురించే ఇప్పుడు చెప్పబోయేది.

తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. మా ఊళ్లో అదొక పెంకుటిల్లు. లోపల మెత్తగా తవ్విన ఎర్రమట్టి, గోడకు హనుమంతుడి పటం, మూలన రెండు జతల ముద్గరాలు. గుండ్లు మాత్రం బయట వాకిట్లో ఉండేవి. పెద్ద గుండు పహిల్వాన్లకు, చిన్నది మాకు. చిన్నదాని బరువెంతో ఎవరూ తూచలేదు. పదేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టే ఉంటుందని పెద్దలు తేలిగ్గా అనేవారు. పిల్లవాడైతే మన మెడ పట్టుకుంటాడు, గుండు పట్టుకోదు కదా. తరతరాల చేతులు తగిలి అది కోడిగుడ్డంత నున్నగా అయిపోయింది.

ఆ తాలీంకు ఉస్తాద్ మా మేనమామే. పగలంతా ద్రాక్షతోటలో పని, పొద్దుగూకే వేళకు తాలీం. మా నాన్న పోయిన నెలకే అమ్మ నన్ను తీసుకుని మామ ఇంటికి వచ్చేసింది. మామకు నా ఈడు కొడుకున్నాడు. నాకంటే ఆరు నెలలు పెద్ద కాబట్టి నేను బావా అనేవాణ్ణి. ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్లం, ఒకే చొక్కా వంతులవారీగా వేసుకునేవాళ్లం. తేడా ఒక్క పాల దగ్గరే ఉండేది. పొద్దున బావకు గ్లాసు నిండా, నాకు సగం. మా అత్త చెడ్డ మనిషి కాదు. ఒక్క బర్రె ఇచ్చే పాలు ఎంతమందికని వస్తాయి? అయినా ఆ సగం గ్లాసు నాకు రోజూ కనపడేది.

మా ఊళ్లో పాడి ఉన్న ఒక పెద్దాయనకు మొక్కు ఒకటి ఉండేది. దసరా నాడు పిల్లల గుండును ఎవరు భుజానికెక్కిస్తే ఆ పిల్లవాడికి మళ్లీ దసరా వచ్చేదాకా రోజూ అరసేరు పాలు. పైగా ఉస్తాద్ ఆ పిల్లవాడికి అందరి ముందూ ఎర్ర లంగోటా కట్టి మట్టిలోకి దింపేవాడు. లంగోటా సంగతి ఏమోగానీ ఆ పాలు నా మనసులో గట్టిగా కూర్చున్నాయి. ఒక్క ఏడాదైనా నా పాలు నేను తెచ్చుకుని తాగాలి, అమ్మకూ పొయ్యాలి. ఆ వయసులో అంతకంటే పెద్ద కోరిక లేదు నాకు.

మామ నేర్పే పద్ధతి చాలా నిదానం. సంకురాత్రి వెళ్లగానే నాకూ బావకూ చెరొక గోనెసంచి కుట్టించి మూసీ ఇసుక పోయించాడు. మొదట చంకన పెట్టుకుని పరిగెత్తేంత తేలిక. ప్రతి సోమవారం ఒక దోసెడు ఇసుక కలిపేవాడు, అంతకు మించి చిటికెడు కూడా వేయనిచ్చేవాడు కాదు. నేను తొందరపడితే సంచి మూతి తన చేత్తోనే కట్టేసేవాడు. ఇయ్యాల బరువున్నది రేపు తేలికైతది, తేలికైన దాన్నే మోసుకుంట తిరిగితే ఒళ్లు నిద్రపోతది అనేవాడు. ఊళ్లో పిల్లలంతా వంద దండీలు, రెండొందల బస్కీలు తీస్తూ గొప్పలు చెప్పుకుంటుంటే, దండీలు తీసినోనికి దండీలే వస్తయి, గుండు రాదని నవ్వేవాడు. అందుకే మా సంచులకు చెవులుండేవి కావు. గుండులాగే వాటినీ కావలించుకునే లేపాలి. ముందు ఒళ్లోకి తెచ్చుకుని, మోకాళ్ల మీద కుదురుగా కూర్చోబెట్టి, తర్వాత పొట్టకు అదిమి లేవాలి. నడుముతో కాదు, తొడలతో.

ఒక్క శుక్రవారం మాత్రం సంచిని ముట్టనిచ్చేవాడు కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు. తాలీంలో ఉస్తాద్ ముందు ఎందుకు అనే మాట నోట్లోంచి రాకూడదు. అది తప్పు కూడా కాదు, అలాంటి మాట ఒకటుందనే ఎవరికీ తోచేది కాదు. శ్రావణంలో ఒక శుక్రవారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను సంచి లేపాను. అందరూ ఆరు రోజులు చేస్తే నేను ఏడు రోజులు చేసి ముందుకుపోదామని నా తెలివి. మణికట్టు వాచింది. మామ కొట్టలేదు, తిట్టలేదు. ఆముదం కాచి రాసి ఎనిమిది రోజులు కూర్చోబెట్టాడు. అప్పుడూ ఎందుకో చెప్పలేదు.

భాద్రపదంలో బావకు చలిజ్వరం పట్టుకుంది. ఇరవై రోజులు మంచం దిగలేదు. లేచేసరికి చేతులు జొన్నకట్టెల్లా అయిపోయాయి. అంతకు ముందు పొట్ట దాకా తెచ్చిన గుండు మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఏడు నెలల కష్టం ఇరవై రోజుల్లో కారిపోయిందని వాడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను ఓదార్చాను. లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా, ఇప్పుడు దాచి ప్రయోజనం ఏముంది?

అంతలో పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే అమావాస్య అది. నాన్న సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి పెత్రమాస. ఇత్తడి పళ్లెంలో బియ్యం, సొరకాయ, పప్పు, నెయ్యి పెట్టుకుని నా చేతులతో నేనే ఇచ్చాను. నాన్న పేరు చెప్పమంటే గొంతు పూడుకుపోయింది. ఆ సాయంత్రం నేను తాలీంకు బయల్దేరుతుంటే మామ గడప దగ్గర ఆపాడు. నా భుజం మీద చెయ్యి వేసి, ఎటో చూస్తూ చెప్పాడు.

"తండ్రి లేని పిల్లగాడు బియ్యమిచ్చినంక దసరా దాక గుండు ముట్టొద్దురా. బరువు లేపొద్దు. మీ నాయినకు బరువైతది."

అమ్మ తలుపు పక్కనే ఉంది. కొంగు తల మీదికి లాక్కుంది.

శుక్రవారం ముట్టొద్దంటే ఆగని నేను ఆ మాటకు ఆగిపోయాను. ఆగడం కష్టంగా కూడా అనిపించలేదు. నాన్న పోయాక ఆయన కోసం నేను చేయగలిగింది ఏమీ లేదని అప్పటిదాకా నాకు దిగులుగా ఉండేది. ఇప్పుడు ఒక పని దొరికింది. తొమ్మిది రోజులు చేతులు కట్టుకుని ఉండటమే ఆ పని. నీళ్ల బిందె కూడా అమ్మే మోసేది. నేను చెలకల్లోకి వెళ్లి బతుకమ్మకు తంగేడు పూలు తెచ్చేవాణ్ణి, పడుకునేవాణ్ణి, లేచేవాణ్ణి. పడుకునే ముందు నాన్నకు లోపలే చెప్పుకునేవాణ్ణి, ఇవాళ కూడా ముట్టలేదు అని. ఆయన విన్నట్టే ఉండేది. నాలుగు రోజులు అలా గడిచాయి. చెప్పొద్దూ, నాన్న పోయాక నేను హాయిగా ఉన్నది ఆ నాలుగు రోజులే.

ఇంకో వింత కూడా జరిగింది. ఆ రోజుల్లో అత్త నాకు గ్లాసు నిండా పాలు పోసేది. పండుగ కదా అనుకుని తాగేశాను.

అయిదో రోజు పొద్దుగూకే వేళ పూలు తీసుకుని వస్తుంటే అయ్యగారు ఎదురయ్యారు. దసరా నాడు గుండు ముట్టే ముందు తలస్నానం చేస్తే చాలా, ఇంకేమైనా చేయాలా అని అడిగాను. ఆయనకు ముందు నా ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వి, అట్లాంటి నియమం ఏ శాస్త్రంలోనూ లేదు నాయనా, ఎవరు చెప్పారు నీకు అన్నారు. నేను వెనక్కి తిరిగాను. కాళ్లు వాటంతటవే తాలీంవైపు తీసుకుపోయాయి. గోడ అవతల గుండు నేల మీద పడిన చప్పుడు. వెంటనే మామ గొంతు, ఇంకోపాలి లేపు బిడ్డా అని. గోడ మీది నుంచి తొంగి చూస్తే బావ. చెమటతో తడిసిపోయి, గుండును పొట్ట దాకా తెచ్చాడు. మామ వాడి వీపు నిమురుతున్నాడు.

తంగేడు పూల మూట ఎక్కడ వదిలేశానో గుర్తులేదు. లెక్క మాత్రం క్షణంలో తేలిపోయింది. నేను ఆగాలి, కన్నకొడుకు ఎత్తాలి. పాలు గ్లాసు నిండా ఎందుకు వస్తున్నాయో కూడా తెలిసిపోయింది. బలిచ్చే మేకకు దండ వేసేటప్పుడు ఆకులు కూడా పెడతారు కదా. మామ ఉత్త మోసమే చేసి ఉంటే అంత నొప్పి ఉండేది కాదేమో, పరాయి ఇంట్లో ఉన్నవాడికి ఒక మోసం పడుతూనే ఉంటుంది. కానీ ఆయన మా నాన్నను తెచ్చి అడ్డం పెట్టాడు. బియ్యం ఇచ్చిన తడి నా చేతుల మీద ఆరకముందే ఆ పని చేశాడు.

అప్పట్లో నాచారంలో కార్ఖానాలు కట్టడానికి బండలు పేల్చేవారు. పగిలిన రాళ్లు కుప్పలుగా పడి ఉండేవి. మిగిలిన నాలుగు రోజులూ నేను పూల పేరు చెప్పి అక్కడికే పోయాను. పనివాళ్లు అన్నానికి కూర్చున్న వేళ చూసి, నాకు నచ్చిన రాయిని కావలించుకుని లేపాను. ఎన్నిసార్లు అని లెక్కపెట్టుకోలేదు. చేతులు వణికేదాకా లేపేవాణ్ణి, వణుకు తగ్గాక మళ్లీ లేపేవాణ్ణి. మామ నేర్పిన దోసెడు లెక్క, తొడల లెక్క అన్నీ గాలికి వదిలేశాను. పాల గ్లాసు పెరట్లో కుక్కకు పోసేవాణ్ణి. పడుకునేటప్పుడు నాన్నతో మాట్లాడటం మానేశాను. ఆయన కూడా వాళ్ల పక్షమేనన్నట్టు కోపం వచ్చింది, చనిపోయినవాడు ఏం చేస్తాడు పాపం.

దసరా నాడు జమ్మికి పోయే ముందు వాకిట్లో జనం చేరారు. అయిదుగురు పిల్లలం. బావ గుండును పొట్ట దాకా తెచ్చి దించేశాడు. ఇద్దరు మోకాలు దాటలేదు. నాచారంవైపు నుంచి వచ్చే పిల్లవాడొకడు ఛాతీ దాకా తెచ్చి, అక్కడ కాసేపు పెనుగులాడి వదిలేశాడు. చివరిది నా వంతు. మామ నావైపు చూసి తల ఊపాడు. ఆయన కళ్లల్లో ఉన్న వెలుగును నేను నటన అనుకున్నాను.

గుండు ఒళ్లోకి తేలిగ్గానే వచ్చింది. లేచి నిలబడ్డాను. ఛాతీకి తెచ్చాను. ఆ జానెడు దగ్గర నా ముంజేతులు నా మాట వినడం మానేశాయి. అవి నావి కానట్టే వణికాయి. గుండు మెల్లగా, తీరిగ్గా, చొక్కా మీదుగా జారి నా పాదాల పక్కన పడింది. జనం అయ్యో అన్నారు. రెండోసారి ఛాతీ దాకా కూడా రాలేదు. ఎవరూ భుజానికెక్కించలేదు కాబట్టి, ఛాతీ దగ్గర ఎక్కువసేపు నిలిపినందుకు పెద్దాయన నాచారం పిల్లవాడికే పాలు ప్రకటించాడు.

మామ నా దగ్గరికి వచ్చి ముఖం చూడలేదు. చేతులు తిప్పి చూశాడు. అరచేతుల్లోనూ ముంజేతుల లోపలా పచ్చి గీతలు. వేలితో ఒక గీత తడిమి మెల్లగా అడిగాడు.

"తాలీం గుండు గిట్ల గీరది. ఏడ లేపినవ్?"

నాచారంలో అని చెప్పాను. ఎన్ని రోజులంటే నాలుగు అన్నాను. ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. జనం జమ్మివైపు కదిలిపోయారు. వాకిట్లో మేమిద్దరమే మిగిలాం. అప్పుడు, తొమ్మిది నెలల్లో మొదటిసారి, ఎందుకో చెప్పాడు. బరువు లేపినప్పుడు కండ పెరగదట, అలుస్తదట. లేపినంక తిని పండుకున్నప్పుడే పెరుగుతదట. పోటీకి ముందు బాగా నిండిన ఒంటిని ఊకె ఉంచాలె, అలుపంతా దిగిపోయి బలం ఒక్కటే మిగులుతదట. బావ ఒళ్లు జ్వరంలో ఖాళీ అయ్యింది కాబట్టి వాడికి పని కావాలి, నాది నిండింది కాబట్టి నాకు ఆపడం కావాలి. ఇద్దరికీ ఒకే మందు పనికిరాదు. బావ గెలవడని మామకు ముందే తెలుసు. పోయిన సత్తువ మళ్లీ రావడానికి దారి చూపించాడు, అంతే. ఆ నిండు గ్లాసు పాలు కూడా ఆయన చెప్పి పోయించినవేనట. అందుకోసం బావకు సగం పోశారట. బావ ఒక్క మాట అనకుండా తాగాడట.

నాకు అంతా అర్థమైంది. ఒక్కటి తప్ప. "మా నాయిన పేరెందుకు దీసినవ్ మామా?" అన్నాను.

ఆయన గుండు మీది మట్టి అరచేత్తో తుడిచాడు. చివరికి, "నిజం జెప్తే ఆగుతుంటివారా?" అన్నాడు.

శ్రావణ శుక్రవారం నాటి వాచిన మణికట్టు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఊరంతా జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని ఒకరినొకరు కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే, నేను అందరి దగ్గరికీ వెళ్లాను, మామ దగ్గరికి తప్ప. ఆయన ఆకు పట్టుకుని గడప దగ్గర నిలబడటం చూశాను. చూసీ లోపలికి వెళ్లిపోయాను. అది చూసి అమ్మ నా వెనకే వచ్చింది. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, మామను అనకు బిడ్డా అంది. ఆ తర్వాత తల దించుకుని అసలు మాట చెప్పింది.

"మీ నాయిన పేరు జెప్పమన్నది నేనే. ఇంకెవ్వరి మాట నీ చెవికెక్కదని."

మామ మీది కోపమైనా ఏదో ఒకనాటికి తగ్గేదే. ఈ మాట దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. ఆ నాలుగు రోజులు మా నాన్న నాతో ఉన్నాడనుకున్నాను. నిజానికి వాళ్లిద్దరూ కలిసి ఆయన్ను నాకు కాపలా పెట్టారు. నా మంచికే పెట్టారు, నేను గెలవాలనే పెట్టారు, అందులో అనుమానం లేదు. మంచికే చేశారన్న మాట ఎంత చెప్పుకున్నా ఆ నాలుగు రోజులు నాకు తిరిగి రాలేదు. మళ్లీ ఏటి పెత్రమాసకు బియ్యం ఇస్తూ నాన్న పేరు చెప్పాను, గొంతు పూడుకోలేదు. అది నన్ను భయపెట్టింది.

ఆ ఏడు దసరాకు ముందు తొమ్మిది రోజులు ఎవరూ చెప్పకుండానే ఆగాను. గుండు భుజం మీదికెక్కింది. వెనక్కి పడింది. పాలు తాగాను, అమ్మకూ బావకూ పోశాను. మామ వంగి నాకు లంగోటా కట్టాడు. నేను మాత్రం పైకి చూస్తూ నిలబడ్డాను. పద్నాలుగేళ్ల వాడికి ఉండకూడనంత పొగరు అది. ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు క్షమించాలని ఎవరైనా చెప్పినా నా వల్ల అయ్యేది కాదు.

పెద్దయ్యాక నాచారంలోనే ఒక కార్ఖానాలో చేరాను. ముప్పై ఏళ్లకు పైగా, డ్యూటీ దిగాక సాయంత్రాలు మా కాలనీ పిల్లలకు బరువులెత్తడం నేర్పాను. ఇసుక సంచుల బదులు ఇనుప పళ్లేలు వచ్చాయి, దోసెడు ఇసుక బదులు చిన్న చిన్న పళ్లేలు కలిపాం. మామ లెక్కల్లో ఒక్కటీ తప్పు కాలేదు. ఎవరి ఒంటికి ఎంత, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే చెప్పాను. ఒక్కటి మాత్రం నాది కలిపాను. ఆగమన్నప్పుడల్లా ఎందుకో చెప్పాను. పదేళ్ల పిల్లవాడికైనా కూర్చోబెట్టి చెప్పాను. కండ ఎప్పుడు పెరుగుతుందో, అలుపు ఎప్పుడు దిగుతుందో, ఇప్పుడు ఎత్తితే ఏమవుతుందో. దేవుడి పేరు, చచ్చిపోయినవాళ్ల పేరు ఎన్నడూ ఎత్తలేదు.

చెప్పినా ఆగనివాళ్లున్నారు. ఒకమ్మాయి ఉండేది, అచ్చం నాలాంటి మొండిఘటం. పోటీకి వారం ముందు ఆపమని అంతా విడమరిచి చెబితే తల ఊపి, ఇంటికి పోయి రోజూ ఎత్తింది. పోటీలో ఆమె చేతులు సరిగ్గా నా చేతుల్లాగే వణికాయి. మామ అడిగిన ప్రశ్నకు ఇదే జవాబేమో అని ఆ రోజు నాకు గుబులు పుట్టింది. నిజం చెప్తే నేను ఆగేవాణ్ణా? ఇన్నేళ్లయినా నాకు తెలియదు. చెప్పి ఉంటే తెలిసేది.

కానీ మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. నా పక్కన అరుగు మీద కూర్చుని, నువ్వు చెప్పినవ్ తాతా, నేనే విన్లేదు అని చేతులు చాపి చూపించింది. నేను ఆముదం రాశాను. ఏడ్చింది, తర్వాత నవ్వింది, మళ్లీ ఎప్పట్నించి మొదలుపెడదాం అని అడిగింది. ఓడిపోయిన మర్నాడే ఆమె నా పక్కకు రాగలిగింది. నేను మా మామ పక్కన అలా కూర్చున్నది ఆయన మంచాన పడి, నన్ను గుర్తుపట్టడం మానేశాకే.